బావ కుడికాలు

మా అక్క మొగుడు దొర కారుకు డ్రైవరు. ఎడ్లబండి ఎక్కినా, పల్లం రాగానే ఆయన కుడికాలు ఎదుటి పలకను తొక్కేది.

ఓసారి నంగునూరు దారిలో పిల్లలున్న బండి కారుకు అడ్డమొచ్చింది. బావ కారును పక్కకు తిప్పాడు, బ్రేకు మీంచి కాలు తియ్యలేదు. కారు దారి పక్క మోరీ గోడను గుద్దింది. పిల్లలు బతికారు, ఆయన కుడి చీలమండ విరిగింది. కాలు పనిచెయ్యకుంటే వేరే డ్రైవరును పెట్టుకుంటానని దొర కబురు పంపాడు.

నలభై రోజులకు, కట్లు కట్టే ముసలాయన వెదురుబద్దలు విప్పాడు. బావ అరికాలికి అరచెయ్యి ఆనించాడు.

"తొక్కు బిడ్డా."

అక్క కళ్లు మూసుకుంది. బావ తొక్కాడు. ముసలాయన పీటతో సహా వెనక్కి జరిగాడు.

"నొస్తుందా?" అంది అక్క.

"గా నొప్పి ముచ్చట ఇడిసిపెట్టు," అన్నాడు బావ. "బిరేకు పడ్డది."