కలెర్వో మర

మా సరస్సులో నా పేరున ఒక చోటు ఉంది. పటంలో వెతికితే కనపడదు. చర్చి గోపురం, పైన్ చెట్ల దీవి కొసకు ఆనినట్టు కనిపించే వరసలో, లోతు నీళ్ళ అడుగున, వలలు తగులుకునే చోటు అది. జాలర్లు దాన్ని ‘కలెర్వో మర’ అంటారు. మన్ననతో పెట్టిన పేరు కాదు. యాభై ఏళ్ళ కిందట నేను ఒక మర సరిగా బిగించలేదని, అందుకే మా బావ ఔలిస్ పందెపు పడవ మీంచి ఇంజన్ ఊడి అక్కడ మునిగిపోయిందని ఊరి నమ్మకం.

నేనెవరో ముందు చెప్పాలి. కుయిక్కలా ఊరి బడిలో ఆరేళ్ళు చదివాను, అంతే నా చదువు. పదహారో ఏట పాలసంఘంలో వెన్న తీసే యంత్రం ఆగిపోతే, పట్నం నుంచి మెకానిక్ బస్సు దిగేలోగా దాన్ని నడిపించి చూపాను. సరస్సు మీద పడవ పందేలు జోరుగా జరిగిన రోజుల్లో నా చేతి ఇంజన్లు పదకొండు కప్పులు తెచ్చాయి. వాటిలో రెండు మొత్తం తూర్పు ప్రాంతానికే మొదటి బహుమతులు. ఒకసారి రాజధాని హెల్సింకీ నుంచి ఒకాయన కేవలం నా ఇంజన్ మోత వినడానికి వచ్చి, విని, టోపీ తీసి వెళ్ళాడు. చర్చి గంట ఈనాటికీ ఊగుతున్నది నేను వేసిన బేరింగుల మీదే. ఇంత చేసిన మనిషి పేరు చివరికి నీళ్ళ అడుగున, సడలిన మరగా మిగిలింది.

రాయబోయేది మాత్రం ఔలిస్ గురించి.

ఔలిస్ మా చెల్లెలు హిల్కా భర్త. ముప్పై ఏళ్ళు మా రేవులో బల్లకట్టు నడిపాడు. కార్లనూ పాలలారీలనూ అవతలి ఒడ్డుకు దాటించి మళ్ళీ ఇవతలికి రావడమే పని. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. నవ్వితే ముందు పన్ను సగం విరిగి కనిపిస్తుంది. ఇంజన్ మునిగిన ఆ ఆఖరి పందెంలో దుంగ తగిలి విరిగిందని చెబుతాడు. బల్లకట్టు మీద కాఫీ ఫ్లాస్కుతో కూర్చున్న ఆ మనిషిని చూస్తే, ఒకప్పుడు ఈ సరస్సు మీద అతన్ని మించిన వేగగాడు లేడంటే ఎవరూ నమ్మరు. అట్టముక్కంత పల్చటి పడవలో మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డం ముందు పలకకు ఆనించి, ఒక చెయ్యి చుక్కాని మీద, ఒక చెయ్యి వేగం పెంచే మీట మీద పెట్టుకుని పోయేవాడు. వెనకాల నా జర్మన్ ఇంజన్. రెండు సిలిండర్లది. తాడు చుట్టి లాగితే అంటుకునేది. దాన్ని మూడు చలికాలాలు మా కొట్టంలో విప్పి, అరగదీసి, మళ్ళీ బిగించాను. అది తాగేది స్పిరిట్, అందులో కలిపిన ఆముదం. ఆ కాలిన ఆముదం వాసన గాలిలో వస్తే ముసలమ్మలు కూడా అల్లిక పక్కన పెట్టి రేవుకు దిగేవాళ్ళు.

పడవను నీళ్ళలోకి తోసేటప్పుడు ప్రతిసారీ నేను ఒక మాట అనేవాణ్ణి.

“నువ్వు మునిగినా పర్లేదు బావా, ఇంజన్ మాత్రం తేవాలి!”

అప్పటికింకా పెళ్ళి కాలేదు, కాబోయే బావే. రేవు రేవంతా నవ్వేది. ఔలిస్ కూడా నవ్వేవాడు. ఆ మాట అనకుండా తోస్తే కలిసిరాదని నా నమ్మకం.

అరవై తొమ్మిదిలో ఆ ఆఖరి పందెం జూన్ మొదట్లో జరిగింది. సరస్సు మీద మంచు విడిపోయి ఇంకా నెల కాలేదు. ఇంజన్‌ను పడవ వెనక పలకకు పట్టి ఉంచేవి చేత్తో తిప్పే పిడి ఉన్న రెండు మరలు, ఒక గొలుసు. గొలుసు కొక్కెం వేశాను. కుడి మర బిగించాను. ఎడమదాని మీద చెయ్యి వేశాను. అప్పుడే హిల్కా గట్టు మీంచి, “అన్నయ్యా, కాఫీ చల్లారిపోతోంది!” అని కేక వేసింది. తల తిప్పాను.

ఆ తర్వాత ఎడమ మర బిగించానా?

బిగించాననే అందరితో చెప్పాను, బల్ల గుద్ది చెప్పాను. కానీ నా చేతికి అది గుర్తు లేదు. ఎన్ని ఇంజన్లు, ఎన్ని మరలు, ఏది ఎంత బిగించానో వేళ్ళకు గుర్తుండే నాకు, ఆ ఒక్కటీ గుర్తు లేదు.

రెండో చుట్టులో ఔలిస్ దీవి వెనక్కి వెళ్ళాడు, మరి బయటికి రాలేదు. ఇంజన్ మోత ఒక్కసారిగా ఆగింది. చాలాసేపటికి కాపలా పడవ అతన్ని తెచ్చింది. పెదాలు నీలంగా ఉన్నాయి. వెనక ఖాళీ పడవను కట్టి లాక్కొస్తున్నారు. నేను మోకాల్లోతు నీళ్ళలోకి పరుగెత్తాను.

“ఇంజనేదీ?” అన్నాను.

ఔలిస్ నా ముఖంలోకి చూసి, “పోయింది” అన్నాడు.

మునిగిన దుంగ తగిలి పడవ బోల్తా పడిందని తర్వాత చెప్పాడు. పడవ వెనక పలక మాత్రం చెక్కుచెదరలేదు. దాంతో ఊరి పెద్దలు తీర్పు చెప్పేశారు. మరలు బిగించి ఉంటే పలక విరగాలి, పలక విరగలేదు కాబట్టి మర సడలింది, ఆ ఊపుకు గొలుసూ తెగింది.

ఔలిస్ మళ్ళీ పందెం పడవ ఎక్కలేదు. ఆ శరదృతువులో పెళ్ళి చేసుకున్నాడు, బల్లకట్టు పనిలో చేరాడు. ప్రతి శనివారం మా ఆవిరిగదికి స్నానానికి వస్తాడు. యాభై ఏళ్ళ శనివారాలు ఒకే బల్ల మీద పక్కపక్కన చెమటలు కార్చుకుంటూ కూర్చున్నాం. ఇంజన్ మాట ఒక్కసారీ ఎత్తలేదు. నేను మర బిగించలేదని అతనికి తెలుసనీ, పెద్దమనసుతో నన్ను వదిలేశాడనీ అనుకునేవాణ్ణి. ఎవరైనా తిడితే తిరిగి తిట్టగలను. ఆ క్షమనేం చెయ్యను?

మొన్న మార్చిలో రైమో ఫోన్ చేశాడు. వాళ్ళ నాన్న లాగే చలికాలమంతా మంచు కింద వల లాగి చిట్టి వెండిచేపలు పట్టే మనిషి.

“కలెర్వో బాబాయ్, నీ మర దొరికింది!”

“పొద్దున్నే వెటకారమా?”

“ఒట్టు బాబాయ్. పొగమంచులో గోపురం కనపళ్ళేదు, గుర్తు తప్పాం. వల పట్టేసింది. చిరిగిందనే అనుకున్నా. మెల్లగా లాగితే మొత్తం లేచొచ్చేసింది. మట్టిముద్దలా ఉంది గానీ, ప్రొపెల్లర్ కనపడుతోంది. వస్తావా, పాత ఇనుముకి వేసెయ్యనా?”

“వస్తున్నా, ముట్టుకోకు” అని ఫోను పెట్టేశాను. ముందు ఔలిస్ ఇంటికి వెళ్ళాను. వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. సంగతి చెప్పాను. కత్తి ఆగింది.

“దాన్ని అక్కడే ఉండనివ్వాల్సింది” అన్నాడు.

చూశావా, ఇప్పటికీ నన్ను కాపాడాలనే చూస్తున్నాడు అనుకున్నాను. మరలు బయటికొస్తే నిజం బయటికొస్తుంది. ఎడమ మర సడలి ఉంటే, ఈ వయసులో ఊళ్ళో తలెత్తుకుని ఎలా నడవాలి?

ఇద్దరం మంచుబండి మీద గడ్డకట్టిన సరస్సు మధ్యకు వెళ్ళాం. వల పైకి లాగే రంధ్రం పక్కన చేపలు వెండినాణేల్లా కుప్పపోసి ఉన్నాయి. వాటి పక్కన అది పడి ఉంది. నీళ్ళలోంచి తీసిన వెంటనే ఆ చలికి పైన మంచుపొర కట్టేసింది. మట్టి, మంచు కలిసి రొట్టెముద్దలా ఉంది. మరలుండే చోటైతే గడ్డ కట్టి అసలు కనపడనే లేదు. రైమో మనుషులు చుట్టూ నిలబడ్డారు. అందులో ఒకడు నన్ను చూసి, “ఏం బాబాయ్, పానా తెచ్చావా? మిగిలిన బిగింపు ఇప్పుడు కానిచ్చేద్దాం” అన్నాడు. అందరూ నవ్వారు.

రైమో మంచు పగలగొట్టే గడ్డపలుగు ఎత్తాడు.

“ఆగరా!” అని అరిచాను. “అల్యూమినియం అది. ఇన్నేళ్ళు నీళ్ళలో నాని పెళుసెక్కి ఉంటుంది. ఒక్క దెబ్బకి బద్దలవుద్ది.”

నేను చెప్పింది నిజమే. అంతమంది ముందు ఆ మర బయటపడకూడదన్నది అంతకంటే నిజం.

“మరెలా?”

“మా ఆవిరిగదిలో పెట్టి మెల్లగా కరిగిద్దాం.”

“ఇంజన్‌కి స్నానమా!” రైమో పగలబడి నవ్వాడు. “వీపు రుద్దడానికి బిర్చి చెట్టు రెమ్మలు కూడా కట్టు మరి. నేనూ వస్తా. ఆ మరకి మా నాన్న మూడు వలలు పోగొట్టుకున్నాడు. సంగతేంటో నాకూ తెలియాలి.”

వద్దనలేక తాడు అందుకున్నాను.

మంచు మీద జారే చెక్క స్లెడ్జి మీద కట్టి తెచ్చాం. ఆవిరిగదిలో కింది బల్ల మీద గోనెలు పరిచి పడుకోబెట్టాం. పొయ్యిలో సన్నమంట చాలన్నాను, ఒక్కసారిగా వేడి తగిలితే చీలుతుందని. ఆ పని నాకు తెలిసినట్టు ఈ సరస్సు చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. మేం ముగ్గురం కోట్లతోనే కూర్చున్నాం. ఔలిస్ తలుపు దగ్గర, టోపీ చేతిలో నలుపుతూ.

హిల్కా కాఫీ పట్టుకొచ్చి, బల్ల మీదికి తొంగిచూసింది.

“ఇన్నేళ్ళకి ఇంటికొచ్చింది పాపం. దానికీ ఒక కప్పు పొయ్యనా అన్నయ్యా?”

“ఆ రోజు నువ్వు కాఫీ అనకపోతే…” అనబోయి ఆగిపోయాను.

“అనకపోతే?”

“ఏం లేదులే. పంచదార తక్కువైంది.”

“పంచదార వెయ్యనేలేదు. నీకు వద్దని డాక్టరు చెప్పాడుగా” అని విసురుగా వెళ్ళిపోయింది.

చుక్క చుక్కగా నీళ్ళు కారుతున్నాయి. మొదట తాడు చుట్టే చక్రం బయటపడింది, అంచున నేను ఆకురాయితో తీసిన గాటుతో సహా. తర్వాత కార్బురేటర్లు. మట్టి జారి గోనె మీద పడుతోంది. నా కళ్ళు ఒక్కచోటే ఉన్నాయి. తుడిచేద్దామని చెయ్యి లేచేది, మళ్ళీ ఒళ్ళోకి వచ్చి పడేది.

కుడి వైపు గడ్డ జారి పడింది. చూశాను. నాకు అర్థం కాలేదు. కుడి మర వదులుగా ఉంది. వదులు కూడా కాదు, చివరి చుట్టుదాకా వెనక్కి తిప్పి ఉంది. దాన్ని నేను బిగించాను! అందులో అనుమానమే లేదు!

ఎడమ గడ్డ కూడా జారింది. అదీ అంతే. చివరిదాకా వెనక్కి. గొలుసు చివర కొక్కెం తెరిచి ఉంది.

రైమో వంగి చూశాడు, వేలితో కదిపి చూశాడు. మరలు తుప్పుకు అతుక్కుపోయి కదల్లేదు.

“ఇదేంటి బాబాయ్? అదురుకి సడలితే రెండు మూడు చుట్లు సడలుద్ది, ఇంజన్ ఊడిపోద్ది. ఊడి నీళ్ళలో పడ్డాక ఇక అదురేముంది? ఇట్టా కొసదాకా ఎవరు తిప్పినట్టు? పైగా కొక్కెం దానంతటది తెరుచుకోదుగా?”

“నేనే తిప్పాను” అన్నాడు ఔలిస్.

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. మేమిద్దరం అతనివైపు తిరిగాం.

“పడవ బోల్తా పడింది. ఇంజన్ బరువుకి వెనక భాగం కిందికి, ముందు భాగం పైకి నిలబడిపోయింది. ఎక్కి పడుకుందామంటే చోటు లేదు. కాపలా పడవ అవతలి పక్కనుంది. ఆ నీళ్ళలో ఎంతసేపు ఉండగలను? ఇంజన్ వదిలేస్తే పడవ తేలుతుంది. వదిలేశాను.”

“మరలు…” ఎడమదాని మీద వేలు పెట్టాను. “మరలు బిగించి ఉన్నాయా?”

“ఉన్నాయా అంటావేంటి బావా! కుడిది ఎలాగో వచ్చింది. ఎడమది మరీ గట్టిగా బిగించావు. ఎంతకీ రాలేదు.”

నేను లేచి నిలబడ్డాను. సంతోషమో కోపమో తెలియలేదు, రెండూ ఒక్కసారే వచ్చాయి.

“యాభై ఏళ్ళు! యాభై ఏళ్ళు నా పేరు నీళ్ళలో నానబెట్టావు గదయ్యా! ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది?”

“చెబుదామనే ఒడ్డుకొచ్చాను.” ఔలిస్ టోపీ వంకే చూస్తున్నాడు. “నువ్వు ఎదురొచ్చి ఇంజనేదీ అన్నావ్.”

“అది… ఊరికే… నోటికొచ్చేసింది.”

“తెలుసు. అయినా మాట రాలేదు. నా చేత్తో వదిలేశానని నీ మొహం చూసి ఎట్టా చెప్పను? తెల్లారేసరికి ఊరంతా మర సడలిందన్నారు. రేపు చెబుదాం అనుకున్నా. హిల్కాతో పెళ్ళయింది, పెళ్ళయ్యాక చెబుదాం అనుకున్నా. ఆ తర్వాత… ప్రతి శనివారం ఇక్కడికి అదే అనుకుంటూ వచ్చేవాణ్ణి.”

రైమో గొంతు సవరించుకున్నాడు.

“అయితే ఆ చోటుకి పేరు మార్చాలి బాబాయ్. ‘ఔలిస్ మర’ అని చెప్పమంటావా మావాళ్ళకి?”

ఔలిస్ తల ఇంకా వంచుకున్నాడు.

“ఏం అక్కర్లేదు” అన్నాను. “అలాగే ఉంచు. ‘కలెర్వో మర’ అంటే ఎంతకీ ఊడని మర అని చెప్పు. ఆ ముక్క మాత్రం మర్చిపోకుండా చెప్పు.”

“చెబుతా, చెబుతా” అంటూ రైమో తన చేపల దగ్గరికి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఊరంతా చెప్పాడు కూడా. కొంచెం ఎక్కువే కలిపి చెప్పాడు, దానికి నాకేం అభ్యంతరం లేదు.

మేమిద్దరమే మిగిలాం. స్పార్క్ ప్లగ్గు చుట్టూ జిగురులా గట్టిపడిన నల్లటి పూత వేడికి మెత్తబడుతోంది. అందులోంచి సన్నగా వాసన లేచింది. ఆముదం. ఔలిస్ తల ఎత్తి పీల్చాడు, నేనూ పీల్చాను. అతని పక్కకు వెళ్ళి కూర్చున్నాను.

“నీళ్ళు బాగా చల్లగా ఉన్నాయా బావా, ఆ రోజు?” అన్నాను.

ఔలిస్ తన చేతుల వంక చూసుకున్నాడు.

“కుడిది తిప్పేదాకా వేళ్ళు నావేనని తెలిసింది. ఎడమదాన్ని పళ్ళతో పట్టి లాగాల్సొచ్చింది.” పై పెదవి కొంచెం ఎత్తి ఆ విరిగిన పన్ను చూపించాడు. “దుంగ తగల్లేదు దీనికి.”

నేను లేచి పొయ్యిలో ఇంకో రెండు కట్టెలు వేశాను. ఔలిస్ కోటు విప్పి, వేడి ఎక్కువగా ఉండే పై బల్ల మీదికి జరిగాడు.