నేను కనిపెట్టిన నక్షత్రం

ఆ రోజుల్లో నేను భయపడని వస్తువంటూ లేదు. యుద్ధం ముగిసిందని రేడియో చెప్పినా, సౌదీలో మేముండే అల్ ఖోబర్‌లో ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే చాలు, మంచం కిందికి దూరేవాణ్ణి. కువైట్‌లో చమురు బావులు ఇంకా మండుతున్నాయి. ఆ పొగ గాలివాటున వచ్చి ఆరేసిన బనియన్ల మీద మచ్చలు పెట్టేది. అన్నిటికన్నా పెద్ద భయం ఖురూజ్. పాస్‌పోర్టు మీద ఆ ముద్ర పడితే ఇంటికి పోవడమే, మళ్ళీ రావడం ఉండదు. జగిత్యాలలో గడియారాల దుకాణం మూసేసి వచ్చినవాణ్ణి, తిరిగి వెళ్తే కూర్చోవడానికి స్టూలు కూడా లేదు.

ఇఖామాలో, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులో, నా వృత్తి క్లీనర్. ఒక కాలేజీలో ఖగోళ విభాగం తుడవాలి. అక్కడి పెద్దాయన కడప డాక్టరు (మందులిచ్చే డాక్టరు కాదు, ఆకాశం చదివిన డాక్టరు). నేను భూతద్దం పెట్టుకుని ఆయన గడియారం బాగుచేయడం చూసి, "నీ కన్ను చీపురు కాడ ఉండాల్సింది కాదు నాయనా" అని గాజు పలకల ముందు కూర్చోబెట్టాడు. పలకంటే కిక్కిరిసిన నక్షత్రాల గుంపును ఫొటో తీసిన నెగటివ్. అందులో నక్షత్రాలు నల్లగా, గుప్పెడు నల్ల నువ్వులు ఒలకబోసినట్టు ఉంటాయి. ఆ గుంపులో ఎక్కడో ఒక జంట ఉందట. చచ్చిన నక్షత్రమొకటి పక్కదాన్ని పీల్చుకుంటూ ఎక్స్‌రేలు చిమ్ముతోందట. ఉపగ్రహం చెప్పిన చోట డాక్టరు చిన్న సున్నా చుట్టాడు, కానీ ఆ సున్నాలోనే వందల చుక్కలు. ఆ జంట ఒకనాడు వెలిగి ఒకనాడు మసకబారుతుందట కాబట్టి, వేర్వేరు రోజుల్లో తీసిన రెండు పలకలు పోల్చి, ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేని మసక చుక్కను పట్టుకోవాలి.

మూడు వారాలకు దొరికింది. సున్నా మధ్యలో, చిన్నగా, నల్లగా ఉంది. పాత పలకలో లేదు. డాక్టరు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసి నన్ను కౌగిలించుకున్నాడు. "ఎన్నేండ్లుగానో దేవులాడతాండారు నాయనా దీనికోసం!" అంటూ విదేశాల్లోని తోటివాళ్ళకు అప్పటికప్పుడే ఫ్యాక్సు కొట్టాడు.

మర్నాడు నా నక్షత్రాన్ని ముచ్చటగా చూసుకుందామని పలక తీస్తే, ఒకటి కాస్తా మూడయ్యాయి. దగ్గరగా వంగి చూస్తుంటే దగ్గొచ్చింది. దగ్గితే రెండు ఎగిరిపోయాయి. మిగిలినదాన్ని వేలికొసతో తాకితే వేలికి అంటుకుంది. కువైట్ మసి! తుడవాల్సిన నేనే దాన్ని కనిపెట్టాను.

మధ్యాహ్నం అన్నానికి గదికెళ్ళాను. నాతో ఒకే గదిలో ఉండే మా బావకు (ఏసీ మెకానిక్) గొంతు తగ్గించి చెప్పాను.

"చెప్పకు బామ్మర్ది. మసి అని నీకు దెల్సు, నాకు దెల్సు. ఆళ్ళకెట్ల దెలుస్తది?"

"పెద్ద దుర్బీన్ పెట్టి చూస్తరు బావా. ఆడ ఏం లేకపోతే?"

"ఆరిపోయిందనుకుంటరు. ఒకనాడు కానొస్తది, ఒకనాడు కానరాదని నువ్వే అంటివి గదా!"

ఆ మాటతో రెండు గంటలు ధైర్యంగా ఉన్నాను. సాయంత్రం డాక్టరు పిలిచి, "వ్యాసంలో నీ పేరు గూడా రాస్తాండా, పూర్తి పేరు చెప్పు" అన్నాడు. నా పేరు కాగితం మీద పడ్డాక మసి అని తేలితే, ఖురూజ్ ముద్ర నా పాస్‌పోర్టు మీదే అనిపించింది.

"రాయకుండ్రి సార్. అది మసి."

ఆయన పలకను వెలుతురుకెత్తి చూశాడు. "ఫ్యాక్సు పోయింది కదయ్యా" అన్నాడు మెల్లగా. ఆ మొహంలో కనిపించింది నాకు బాగా తెలిసిన భయమే. ఆయన కాంట్రాక్టు గడువు ఆ నెలాఖరే. డాక్టర్లకూ ఖురూజ్ ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. రెండో ఫ్యాక్సు రాసి, పంపమని నాకే ఇచ్చాడు. మిషన్ దగ్గర కూడబలుక్కుని చదివాను: పలకను తానే సరిగా పరిశీలించలేదనీ, పొరపాటు తనదేననీ ఉంది. నా ఊసే లేదు. బతికిపోయాననుకున్నాను, అంతే, ఇంకే ఆలోచనా రాలేదు.

ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు (దీనివల్లేనో కాదో నాకు ఈనాటికీ తెలియదు). వెళ్ళే రోజు పెట్టె మోసింది నేనే. కారు దగ్గర, మీరు నా తప్పు నెత్తిన వేసుకున్నారు సార్ అందామని నోరు తెరిచాను. పక్కన డ్రైవరు వింటాడేమోనని మూసేశాను. ఆ పిరికివాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మాత్రం, ఆ మాట పైకే అని చూస్తుంటాను.