ఒకసారికి ఒక్కటే చెప్పే సవరమ్మ టీచరు

సవరమ్మ టీచరు ఎవరికైనా ఒకసారికి ఒక్క పనే చెప్పేది. చెప్పి, "నేనేం చెప్పిన?" అని అడిగేది. ఎదుటివాళ్లు ఆ మాట అప్పజెప్పి, ఆ పని చేసేదాకా రెండో మాట నోట్లోంచి వచ్చేది కాదు. ఒకటో తరగతి పిల్లల దగ్గర ఇది బాగానే ఉంటుంది. ఆమెకు మాత్రం లోకమంతా ఒకటో తరగతే.

చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉంటుంది మా బడి. తొమ్మిదేళ్లు ఆమె ఒకటో తరగతికి, నేను మూడో తరగతికి చెప్పేవాళ్లం. మధ్యలో ఒక్కటే గోడ. పొద్దున ప్రార్థన కాగానే గోడ అవతల మొదలయ్యేది.

"పలక తీయండి. నేనేం చెప్పిన?"

"పలక తీయమన్నరూ!"

ముప్పై పలకలు బయటికొచ్చేసరికి పావుగంట. "టీచరమ్మా, మీ పిల్లలు అఆలు దిద్దేసరికి నా పిల్లలు రిటైరైతరు" అనేవాణ్ణి. "కానియ్యండి రవికుమార్ సార్, పెన్షన్ కాగితాలు మావోళ్లే రాస్తరు" అనేది.

ఆమె భర్త ప్రభు కొత్తగూడెంలో బొగ్గు గని ఉద్యోగి. షిఫ్టు లేని రోజు బండి మీద దించి వెళ్లేవాడు. గేటు దగ్గర ప్రతిసారీ ఇదే తంతు.

"హెల్మెట్ పెట్టుకో. నేనేం చెప్పిన?"

హెల్మెట్ లోపల్నుంచి ఏదో గొణుగుడు.

"వినబడతలేదు."

ఆయన హెల్మెట్ తీసి, "పెట్టుకొమ్మన్నవ్" అనేవాడు.

"మరెందుకు తీసినవ్?"

చర్చిలోనూ అంతేనట. పాస్టరుగారు ఓ ఆదివారం, "అందరం లేచి, కళ్లు మూసుకొని, పుస్తకంలో నలభయ్యో పాట పాడుకుందాం" అన్నారు. ముందు వరసలోంచి సవరమ్మ చెయ్యెత్తింది. "అయ్యగారూ, కళ్లు మూసుకుంటే పాట ఎట్ల కనబడ్తది?" ఆనాటి నుంచి పాస్టరుగారు ఒక్కొక్కటే చెబుతున్నారు.

ఒకసారి తనిఖీకి ఆఫీసరు వచ్చాడు, అదీ మండిపడుతూ. "రిజిస్టర్ తెండి, డైరీ చూపండి, పిల్లల్ని లేపండి, జల్దీ!"

"సార్, ముందు కూర్చోండి. నేనేం చెప్పిన?"

ఆయన నోరు తెరిచాడు. ముప్పైమంది పిల్లలు ఆయన నోటివంకే చూస్తున్నారు.

"కూర్చొమ్మన్నరు" అన్నాడు సన్నగా. కూర్చున్నాడు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. ఆయన మొహం ఎంత వెలిగిందంటే, వెళ్లేముందు ఇంకోసారి కూర్చుని లేచాడు.

రెండేళ్ల కిందట ఆమెకు పర్ణశాల వైపు బదిలీ అయింది. ఒకటో తరగతిని కూడా నా గదికే పంపారు. అన్నాళ్లూ విసుక్కున్న గొంతు కోసం అంత బెంగపడతానని నాకు తెలియదు. ప్రార్థన అయ్యాక ఆ పావుగంటసేపూ నా చెవులు గోడ దగ్గర దేన్నో వెతుక్కునేవి. ఆమె పిల్లల పలకలు బయటికొచ్చేలోపే నా పిల్లలతో ఎక్కాలు చెప్పించే తొందర కూడా పోయింది. ఎవరిని దాటాలని తొందర?

మొదటిరోజు నా పద్ధతిలో ఒక్క గుక్కలో చెప్పాను. "పుస్తకాలు సంచిల పెట్టి, పలకలు తీసి, వరసగా వచ్చి కూర్చోండి!" కొందరు పలకలు సంచిలో పెట్టారు. ఒకడు వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. ఒక బిడ్డ మాత్రం కదల్లేదు. అటూ ఇటూ మొహాలు చూస్తోంది.

"నీకు చెవుడా?" అని అరిచాను. తరగతంతా నవ్వింది.

మర్నాడు ఆ బిడ్డ బడికి రాలేదు. ఆ వారమంతా రాలేదు.

ఆదివారం బస్సెక్కి, భద్రాచలం దగ్గర గోదావరి దాటి, సవరమ్మ టీచరు కిరాయి ఇంటికి వెళ్లాను. జరిగింది చెప్పాను.

"సార్, మన బడికొచ్చే గూడెం పిల్లల ఇండ్లల్ల తెలుగు ఉండదు. ఏటా ఒకరిద్దరికి మనం చెప్పేది అర్థంగాదు. నువ్వు చెప్పు అని ఆ ఒక్కర్నే లేపితే అందరు నవ్వుతరు. అందుకే అందరితోని చెప్పిస్త. ఆ సందట్ల తెల్వనోళ్లు గూడ ఇని, పక్కోళ్లను జూసి చేస్తరు. పెద్దోళ్లతోని చెప్పిచ్చింది గూడ గందుకే. ఆఫీసరే అప్పజెప్తే, మేం అప్పజెప్పుడు తప్పుగాదు అని పిల్లలు అనుకుంటరు."

"తొమ్మిదేండ్లు పక్క గదిల ఉన్న. నాకొక్క మాట చెప్పకపోతిరి!"

"చెప్తే, ఆ బిడ్డ ఎవరని మీరు అడగరా? నేను పేరు చెప్పాల్నా?"

"ఇప్పుడు నేనేం చెయ్యాలె?" అన్నాను.

"ఆ బిడ్డ ఇంటికి పోండి."

"పోయినంక?"

"ముందు పోండి సార్!"

ఆ సాయంత్రమే వెళ్లాను. వాళ్లమ్మ మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. చేత్తో చాప చూపించింది. కూర్చున్నాను. ఆ బిడ్డ తలుపు చాటు నుంచి చూసి చూసి, వాళ్లమ్మ చెప్పిన పని నేను చేసినందుకో ఏమో, మెల్లగా చప్పట్లు కొట్టింది.

సోమవారం తరగతిలో, "లేచి నిలబడండి" అని ఒక్క మాటే చెప్పి ఆగాను. ఆ మాటే అందరితో అనిపించాను. అందరూ లేచారు. చివరగా లేచిందెవరో నేను చూడలేదు.

అబద్ధం. చూశాను. పేరు మాత్రం మీకు కూడా చెప్పను.