చద్దన్నాల బడికి నేను రాసిన అర్జీ

మూడు రోజుల్నించి మా పేటంతా తడి సున్నం వాసనండి. మామూలు సున్నం కాదు, ఐ.పోలవరం అవతల సముద్రం వైపు నుంచి బస్తాల్లో వచ్చిన గుల్ల సున్నం. గోలెంలో నీళ్ళు పోస్తే కుతకుతా ఉడికి, అందులో కరక్కాయలు నానేసిన నీళ్ళూ, బెల్లం నీళ్ళూ పడేసరికి అటు మట్టి వాసనా కాక, ఇటు పాకం వాసనా కాక, ముక్కు దగ్గర తియ్యగా తగిలి గొంతులో ఘాటుగా దిగుతోంది. కుర్రాళ్ళు వంతులేసుకుని రోకళ్ళతో దంచుతున్నారు. ఎందుకో చెప్పేదాకా ఆగలేనండి, చెప్పేస్తాను: మా పాత బడి గోడ నిలబడుతోంది, దాని విరిగిన అంచులకే ఈ సున్నం. కొత్త రోడ్డు దాని మీంచి పోదంట, పక్కనుంచి తిప్పుతారంట, కాగితం వచ్చింది. ఆ కాగితం వచ్చిన వారంలోనే, ఎప్పుడో ఆగిపోయి ఇన్నేళ్ళకి ప్రైవేటుగా కట్టిన నా డిగ్రీ రిజల్టూ వచ్చింది. మా ఇంట్లోనే కాదు, మా ఇంటిపేరు ఉన్నవాళ్ళందరిలో మొదటి బీయే నేను. నాన్న ఆ రోజు కొబ్బరికాయల ఒలుపుకి మానేసి, మార్కుల కాగితం చొక్కా జేబులో పెట్టుకుని, టీకొట్టు దగ్గర అడిగినోళ్ళకీ అడగనోళ్ళకీ చూపించేడు. ఇంత సంతోషంలోనూ ఆ గోడ దగ్గరకెళ్తే తలెత్తలేకపోతున్నాను. ఒకప్పుడు అవి నాలుగు గోడలు. మిగతా మూడూ పోవడానికి కారణం నేను.

కాలవకి అవతల ఊరు, ఇవతల మా పేట. మా ముత్తాతల కాలంలో ఊరి బడి అరుగు మీదకి మా పిల్లల్ని రానిచ్చేవారు కాదంట, నూతి చప్టా దగ్గరకీ రానిచ్చేవారు కాదంట. రైతుల దగ్గర పాలేర్లుగా ఉంటూ అప్పుడే కొత్తగా క్రైస్తవంలో కలిసిన కొద్ది కుటుంబాలు, పొద్దుగూకేక ఇంటికొచ్చి, మగాళ్ళు మట్టి తొక్కితే ఆడాళ్ళు సున్నం దంచి, ఒక నుయ్యి తవ్వుకుని, దాని పక్కన ఒక బడి కట్టుకున్నారు. పిల్లలకి పగలంతా పశువుల వెనక పనే కాబట్టి బడి తొలికోడి కూసే వేళకి మొదలయ్యేది. చద్దన్నం ముంతలు పట్టుకుని వచ్చి, చదువయ్యేక అరుగు మీదే తినేసి, అట్నుంచి అటే పనిలోకి పోయేవారంట. అలా దానికి చద్దన్నాల బడి అని పేరు. ఆదివారం అదే మా గుడి. పలకలు కొనే తాహతు ఎవరికీ లేదని, మొదటి మేష్టారు గోడలకి తడి సున్నం పూసిన రోజునే, పిల్లల చెయ్యందే ఎత్తున, నాలుగు గోడల చుట్టూ అక్షరాలన్నీ మేకుతో లోతుగా గీసేరు. ఆ గాడిలో వేలుపెట్టి దిద్దుకోవడమే మా వాళ్ళ మొదటి చదువు.

నాకు బుద్ధి తెలిసేసరికి అక్కడ బడి లేదు. ఊళ్ళో బళ్ళో అందరితో పాటు మమ్మల్నీ కూర్చోబెట్టేవారు. చద్దన్నాల బడి ఆదివారం ఆరాధనకీ, మిగతా రోజుల్లో మా ఆటలకీ. ఎండాకాలం మధ్యాహ్నం బయట కొబ్బరి మట్టలు కూడా కదలకుండా ఉడికిపోతుంటే, లోపల ఆ మందపాటి గోడల మధ్య కుండలో నీళ్ళలాగ చల్లగా ఉండేది. పేడతో అలికిన నేల మీద వీపు ఆనించి పడుకుని పెంకుల సందుల్లోంచి దిగే ఎండచుక్కల్ని లెక్కపెట్టేవాళ్ళం. ఆడపిల్లలం ఒక ఆట కనిపెట్టేం: ఒకత్తి కళ్ళకి తుండుగుడ్డ కట్టేసి, గిరగిరా తిప్పి గోడ దగ్గర వదిలేస్తే, తగిలిన గాడిలో వేలుపెట్టి ఏ అక్షరమో చెప్పాలి. తప్పు చెబితే గచ్చకాయలు ఇచ్చెయ్యాలి. ఎన్నేళ్ళ వేళ్ళు పాకిన గాళ్ళో, అంచులు అరిగి నున్నగా, చంటిపిల్లాడి చిగుళ్ళలాగ ఉండేవి. వానాకాలం గోడ తడి పీల్చుకుని పాత సున్నం వాసన వేసేది. మట్టల ఆదివారం నాడు పేటంతా లేత కొబ్బరాకులు పట్టుకుని పాడుకుంటూ ఆ గుమ్మంలోంచే లోపలికెళ్ళేవాళ్ళం. క్రిస్మస్సుకి పది రోజుల ముందునుంచీ ఆడాళ్ళందరూ ఆ అరుగు మీదే చేరి కొబ్బరి కోరి, బెల్లం పాకంలో వేసి లౌజు తిప్పేవారు, జంతికల పిండి కలిపేవారు, మా చేతులకి అడుగంటిన పాకం ఇచ్చి తరిమేసేవారు.

అన్నింటికీ పెద్ద మార్తమ్మ మామ్మగారు. నాకు సొంత మామ్మ కాదు, పేటందరికీ మామ్మే. ఆ బడిలో మొదట చేరిన పిల్లల్లో అప్పటికి బతికున్నది ఆవిడొక్కత్తే. ఆ స్థలం పట్టా ఆవిడ నాన్న పేరున ఉండేది, ఆ తరవాత ఆవిడది. తెల్ల చీర, పసుపచ్చటి పళ్ళు, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టి అడ్డపొగ తాగడం వల్ల ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగుండే నోరు. ఆరాధనకి వచ్చేటప్పుడు చుట్ట ఆర్పి కిటికీ చెక్క మీద పెట్టి, ఆమెన్ అనగానే మళ్ళీ అక్కణ్ణించే తీసుకునేది. ఆవిడకి ఒకటే గర్వం, సంతకం. రేషన్ కార్డు దగ్గరా, ఓట్ల దగ్గరా ఎవరైనా సిరా డబ్బా ముందుకు తోస్తే, "నాకేలిముద్రెందుకయ్యా? నాకు సంతకం వచ్చు. కలం ఇలాగియ్యి," అనేది. ఒక్కో అక్షరం గోడ మీద దిద్దినంత నెమ్మదిగా పెట్టేది, వెనక లైన్లో వాళ్ళు విసుక్కుంటున్నా సరే.

తొంభయ్యారు తుఫానుకి కొబ్బరిచెట్లు సగానికి విరిగిపోయి, ఆకాశం ఎక్కడికక్కడ బయటపడిపోయింది. బడికి పెంకులన్నీ లేచిపోయేయి. ఒక దూలం విరిగింది. గోడలు మాత్రం చెక్కుచెదరలేదు. నేనప్పుడు ఏడో తరగతి. ఊళ్ళోంచి వచ్చే నా జతపిల్ల నోట్సు కోసం ఒకసారి మా పేటకొచ్చి, టార్పాలిన్ కప్పిన బడిని చూసి, "మీ చర్చి ఇదేనేంటే? మా దూడల పాక ఇంతకంటే బాగుంటది," అంది. అనేసి నవ్వేసింది, మర్చిపోయింది. నేను మర్చిపోలేదు. ఆ రోజునుంచీ ఆ బడిని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

అప్పుడే తుఫాను సాయం కింద సర్కారు కొత్త భవనాలిస్తోందని తెలిసింది. మా సంఘపెద్ద ఆనందరావు బాబాయి అర్జీ పెడదామన్నాడు. మా పేటలో చక్కని దస్తూరీ నాదే, గల్ఫుకి ఉత్తరాలన్నీ నేనే రాసేదాన్ని. అరుగు మీద కూర్చోబెట్టి, "ఆఫీసోళ్ళకి కన్నీళ్ళొచ్చేలాగ రాయవే," అన్నాడు. నేను పేపర్లో చూసిన మాటలన్నీ ఏరి రాసేను. శిథిలావస్థ అని రాసేను. ప్రాణాపాయం అని రాసేను. 'ఎవరికీ ఏ విధమైన ప్రయోజనమూ లేని ఈ పాత గోడలను పూర్తిగా తొలగించి నూతన భవనము కట్టించవలసినదిగా' అన్న ముక్క బాబాయి చెప్పలేదండి. అది నా సొంతం. చదివి వినిపిస్తే అందరూ ఆహా అన్నారు.

పట్టా మార్తమ్మ మామ్మగారిది కాబట్టి ఆవిడ సంతకం లేకపోతే అర్జీ చెల్లదు. ఆవిడ మాట ముందే చెప్పేసింది: "పెంకులెగిరిపోతే పెంకులేయించండి, దూలం విరిగితే దూలం మార్పించండి. గోడల జోలికి మాత్రం రావొద్దు." బాబాయి కాగితం నా చేతికిచ్చి, "నువ్వంటే ఆవిడకి ముద్దు కదే, చదివి వినిపించి సంతకం పెట్టించుకురా," అన్నాడు. అంతే అన్నాడు. అబద్ధం చెప్పమన్లేదు.

మామ్మగారు పెరట్లో మట్టలు చీరి ఈనెలు తీస్తోంది. అప్పటికే రెండు కళ్ళకీ శుక్లాలు, మనిషిని గొంతుని బట్టే పోల్చుకునేది. "ఏం రాసేరే బుల్లీ? చదువు," అంది. నేను చదివేను. కాగితం మీదే కళ్ళు పెట్టి, ఎక్కడా తడబడకుండా, 'పెంకులు, దూలములు మరమ్మతు చేయించవలసినదిగా' అని చదివేను. అక్కడ ఆ మాటల్లేవు.

"గోడల మాట ఏదే?"

"ఉందండి మామ్మగారూ. 'గోడలను యథాతథముగా ఉంచి' అని రాసేనండి."

"మళ్ళీ చదువు, ఆ ముక్క."

మళ్ళీ చదివేను. అదే మాట, అదే వరసలో. నాకే ఆశ్చర్యం వేసింది, అంత బాగా వచ్చింది. ఆవిడ ఈనెలు పక్కన పెట్టి నా తల నిమిరి, "ఎంత బాగా రాసేవే నా తల్లీ! మా మేష్టారుంటే నిన్ను ఎత్తుకు తిప్పుదురు," అంది. కలం తీసుకుని, ఎక్కడ పెట్టాలో నా వేలితో చూపించమని, తన పేరు పెట్టింది. కళ్ళు కనపడకపోయినా అక్షరాలు గుండ్రంగానే పడ్డాయి.

గునపాలతో మనుషులొచ్చిన రోజు మామ్మగారు కర్ర పట్టుకుని వచ్చి నూతి చప్టా మీద కూర్చుంది. మొదటి రోజు, "రిపేరంటే ముందు ఇప్పుతారు కామోసు," అంది. రెండో రోజు గోడ పడ్డ చప్పుడుకి ఉలిక్కిపడి లేచింది. ఆ మట్టిపెళ్ళలు బండలంత గట్టిగా ఉన్నాయండి. కూలీలే తిట్టుకున్నారు, ఎవడు కట్టేడ్రా బాబూ దీన్ని అని. మూడో రోజు నేను బళ్ళోంచి వస్తుంటే నా అడుగుల చప్పుడు పోల్చుకుని పిలిచింది. "గోడల మాట రాసేవు కదే?" అంది.

"ఆయ్, రాసేనండి," అన్నాను.

చెయ్యి చాపి నా తల తడుముకుంది. తరవాత, నన్ను ఓదారుస్తున్నట్టు, "నీ తప్పేం లేదులే. ఆళ్ళు చదవలేదే. చదివుంటే ఇలా చెయ్యరు," అంది.

వెనక గోడ కాలవగట్టుకి ఆసరాగా ఉందని దాన్ని మాత్రం వదిలేసేరు. డాబా లేచింది. కొత్త రంగు, ఫాన్లు, మొజాయిక్ అరుగు. నేనా జతపిల్లని పిలిచి మరీ చూపించేను. మామ్మగారు ఆరాధనకి వచ్చేది, చుట్ట పెట్టుకోడానికి కిటికీ చెక్క లేక చేతిలోనే పట్టుకుని కూర్చునేది. రెండేళ్ళకి పోయింది. ఆవిడ దగ్గరకెళ్ళి చెప్పడానికి నాకు రెండేళ్ళు టైముంది. వెళ్ళలేదు. దారిలో ఆవిడిల్లు తగలకుండా గట్టు మీంచి తిరిగెళ్ళేదాన్ని.

ఈమధ్య రోడ్డు కొలతలకి వచ్చినప్పుడు, మిగిలిన వెనక గోడ మీద సినిమా పోస్టర్లు గీకుతుంటే మా కుర్రాళ్ళకి కింద అక్షరాలు కనపడ్డాయి. వాళ్ళు చిన్నోళ్ళు, ఆ బడిని ఎరగరు. ఇది మన తాతలు చదువుకున్న గోడ అని, ఏడాదిపాటు ఆఫీసుల చుట్టూ తిరిగి, గోడా, నుయ్యీ ఉంచేలాగ కాగితం తెచ్చుకున్నారు. గోడ పక్కన బోర్డు పెడతారంట. దాని మీద ఏం రాయాలో నన్నే రాయమన్నారు, డిగ్రీ చదివినదాన్ని కదా అని.

నిన్న ఆదివారం ఆరాధనయ్యేక, అందరూ కూర్చునుండగా లేచి చెప్పేసేను. అర్జీలో ఏముందో, మామ్మగారికి ఏం చదివేనో అంతా. ఆనందరావు బాబాయి, ఇప్పుడు బాగా ముసలాడైపోయేడు, "మంచి రోజునెందుకే ఇయన్నీ? చిన్నపిల్లవి అప్పుడు," అన్నాడు. ఒక కుర్రాడు, "అక్కా, ఇదంతా బోర్డు మీద రాత్తే బాగోదక్కా," అన్నాడు. నేను మామ్మగారి కూతురు సువార్త అత్తయ్య వైపే చూస్తున్నాను. అత్తయ్య అంగన్‌వాడీలో ఆయా, అందరి ముందూ నోరెత్తే మనిషి కాదు. పైట చెంగుతో మొహం తుడుచుకుని అంది:

"మా అమ్మ పోయేదాకా ఆ ఆఫీసోళ్ళని తిట్టిందే. ఆఖరికి అన్నం కూడా తినకుండా, సదవలేదు, సదవలేదు అనే అనేది. నువ్వొచ్చి ఒక్కమాట సెప్పుంటే నాలుగు పీకుండును. పీకి, ఆ మర్నాడే మళ్ళీ నిన్ను పిలుసుండును."

బోర్డుకని తెచ్చుకున్న తెల్లకాగితం అత్తయ్య ముందు పెట్టేను.

"బోర్డు రాయి. అంతా రాయి. రాసి ముందు నాకియ్యి," అంది. "నువ్వు సదవక్కర్లేదు. నేను సదూకుంటాను."

రాత్రంతా రాసి, పొద్దున్నే తీసుకెళ్ళేను. ఇప్పుడు మా పేటలో ఉత్తరాల్లేవు, గల్ఫు నుంచి ఫోన్లే. కాగితం చదివిపెట్టమని పిల్లల్ని పిలిచే ముసలోళ్ళూ లేరు. గోడ మీద చివరి వరస అక్షరాలే మిగిలేయి, మొదటివన్నీ డాబా పునాదిలో మట్టైపోయేయి. అత్తయ్య గుమ్మంలో కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో మాట కిందా వేలు జరుపుకుంటూ చదువుతోంది. 'మిగతా మూడు గోడలూ పనికిరావని రాసి కూలగొట్టించింది ఈ పేట పిల్లే. సంతకం పెట్టిన మార్తమ్మగారికి మాత్రం వేరేగా చదివి వినిపించింది' అన్న చోటికొచ్చేసరికి వేలాగింది. ఎదురుగా నిలబడ్డాను. అత్తయ్య ఇంకా తల ఎత్తలేదు.