గోలుకొక కూత

మొన్న మనవడు మెట్ల మీద కాలు మడతపడి కుంటుతూ వచ్చాడు. వాళ్లమ్మ ఏదో ట్యూబు మందు కోసం అలమార్లన్నీ తిరగేస్తుంటే, నేను గిన్నెలో ఆముదం వెచ్చజేసి, చిటికెడు పసుపు కలిపి వాడి మడమకి పట్టించాను. వాడు ముక్కు మూసుకుని "దాదీ, బద్‌బూ" అన్నాడు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే ఈ తార్‌బహార్ పేట ఇల్లూ, ఫ్యానూ, టీవీ మోతా అన్నీ ఎటో పోయి, రైల్వే క్వార్టరు వంటింట్లో కుంపటి ముందు కాళ్లు చాపుకుని కూర్చున్న మా నాన్న కనబడ్డాడు.

నాన్న అప్పలస్వామి లోకో షెడ్డులో ఫైర్‌మన్. డ్యూటీలో ఇంజన్ పొయ్యిలోకి బొగ్గు విసిరే మనిషి, డ్యూటీ దిగితే షెడ్డు ఫుట్‌బాల్ జట్టుకి సెంటర్ ఫార్వర్డ్. మనవాళ్లకి అప్పట్లో బూట్లెక్కడివి, అందరూ వట్టికాళ్లతోనే ఆడేవారు. ఆట ముందురోజు సాయంత్రం అమ్మ ఆ కాళ్లకి వేలు వేలుకీ ఆముదం పట్టించి, అవి తన సొత్తన్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకునేది.

వానలు వెనకబట్టి, ఎడ్లకి పూజచేసే పోలా పండక్కి గోల్ బజార్ నిండా మట్టి ఎడ్లు అమ్మకానికొచ్చేసరికి ఆటల రోజులు మొదలయ్యేవి. షెడ్డు వెనక మైదానంలో తడిసిన గడ్డి వాసన, దాని మీద బొగ్గుపొగ, ఒక పక్క కుర్చీల్లో దొరలు, ఇంకో పక్క బూడిదగుట్ట మీద గొంతుక్కూర్చున్న మన జనం, వాళ్ల మధ్య వేయించిన శనగల పొట్లాలు, నోట్లో నిప్పు తిరగేసి అడ్డపొగ తాగుతూ అన్నీ తమకే తెలిసినట్టు తీర్పులు చెప్పే ముసలాళ్లు. నాన్న కాలికి బంతి తగిలితే చాలు, రైల్వే పనులకి విజయనగరం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చిన ప్రతి గొంతూ "సామీ, సామీ" అని అరిచేది. మావాళ్లు గోలు కొట్టగానే షెడ్డులో ఆవిరి మీదున్న ఇంజన్ ఎక్కి ఎవడో ఒకడు కూత వేసేవాడు. ఆవిరి దండగ చేస్తున్నారని ఫోర్‌మన్ ఎంత మొత్తుకున్నా వినేవాళ్లు లేరు. నాలాంటి చిన్నపిల్లలు తప్ప ఆడవాళ్లు మైదానానికి వెళ్లేవారు కాదు కనక, పెరటి గుమ్మాల్లో నిలబడి ఆ కూతలతోనే ఆట చూసేవారు. గోలుకొక కూత. కూత వినబడగానే పక్కింటావిడ గోడ మీంచి అమ్మని ఆటపట్టించేది, అమ్మ సిగ్గుపడుతూనే క్వార్టర్ల లైనంతా బెల్లమ్ముక్కలు పంచేది.

ఆ భోగం అంతా ఒక్క వానాకాలపు మధ్యాహ్నంతో పోయింది. యార్డులో ఇంజన్‌తో పెట్టెలు తోసి షంటింగ్ చేస్తుంటే అవి ఒక లైన్లోకి వెళ్లాల్సింది ఇంకో లైన్లోకి వెళ్లి, అక్కడ పనిచేస్తున్న ఖలాసీ కాలు పోయింది. ఇంజన్ మీద ఉన్నది ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరూ, మా నాన్నా. లైను మార్చవలసిన పాయింట్స్‌మన్ గురువులు మావ. ఆయన మా పక్క క్వార్టర్ల వరసలోనే ఉండేవాడు, ఆయన కూతురు పైడి నా ఒక్కగానొక్క నేస్తం. గురువులు మావ లైను మార్చకుండానే పచ్చజెండా ఊపాడా, లేక ఎర్రజెండా చూసి కూడా డ్రైవరు ఆగలేదా అన్నది విచారణ. చూసిన మూడోవాడు నాన్న ఒక్కడే. పెద్దమనుషులు మా అరుగు మీద కూర్చుని, డ్రైవరుకి ఇంకో ఊళ్లో ఇంకో ఉద్యోగం దొరుకుతుంది, గురువులుకి క్వార్టరు కూడా పోతుంది, ఎర్రజెండా అని చెప్పెయ్యమని పొద్దుపోయేదాకా నచ్చజెప్పారు. వాళ్లు వెళ్లాక అమ్మ కూడా అడిగింది.

"మనోడే గదా. ఒక్క మాటకి ఏటైపోద్ది?"

"ఆడు ఊపింది పచ్చజెండా. నాను సూసినాను" అన్నాడు నాన్న.

విచారణలో అదే చెప్పాడు. గురువులు మావని తీసేశారు. వాళ్లు ఊరెళ్లిపోయే రోజు అమ్మ పులిహోర మూట కట్టి నా చేత పంపిస్తే, పైడి వాళ్లమ్మ ఆ మూటని నా చేతుల్లోంచి తీసుకోనే లేదు. పైడి నా వైపు చూడలేదు. ఆ తర్వాత తొక్కుడుబిళ్ల గీతలు గీసుకుని రెండో మనిషి లేక నేనొక్కదాన్నే ఆడుకోవడం నేర్చుకున్నాను. డ్రైవరు పదవి ఆశ చూపించి నాన్నని కొనేశారని లైనంతా చెప్పుకున్నారు. ఆయన ఫైర్‌మన్‌గానే రిటైరయ్యాడన్నది వేరే సంగతి.

ఆ ఏడు ఆటలు మొదలైతే, భుజాల మీద ఎత్తుకు తిరిగిన వాళ్లే "డ్రైవర్ సాబ్" అని ఈలలేశారు. సొంత జట్టువాళ్లు ఆయనకి బంతి ఇవ్వడం మానేశారు. ఎప్పుడైనా దొరికినా నాన్న ఒక్క క్షణం ఆగి బూడిదగుట్ట వైపు చూసేవాడు, ఆ లోపల ఎదుటివాడు బంతి తన్నుకుపోయేవాడు. ఖాళీ గోలు ముందు నుంచి కూడా పైకి తన్నేసేవాడు. ఇంటికొచ్చి అన్నం తిని పడుకునేవాడు. అమ్మ మాత్రం, ఒక్క కూత వస్తే చాలు, అందరూ మళ్లీ గోడ మీంచి పలకరిస్తారని ఆశపడేది. ఆ ఆశ నాక్కూడా అంటుకుంది.

షీల్డు పోటీల ఆఖరాట రాయపూర్ జట్టుతో. ఆట ముగిసే వేళకి బంతి ఎవరి కాలికో తగిలి దారితప్పి నాన్న ముందు పడింది. ఈసారి ఆయన ఎవరి వైపూ చూడలేదు. ఇద్దర్ని తప్పించుకుని వల చిరిగేట్టు కొట్టాడు. నేను ఎగిరి గంతేసి షెడ్డు వైపు చూశాను. ఇంజన్లు పొగలు కక్కుతూనే ఉన్నాయి, వాటి మీద మనుషులూ ఉన్నారు. ఎవరూ కదల్లేదు. మైదానం మొత్తానికి ఒక్క మనిషి చప్పట్లు కొట్టాడు, ఆ డ్రైవరు దొర. ఆ చప్పట్లు కూడా లేకపోయినా బాగుండేదనిపించింది. షీల్డు ఎత్తుకుని అందరూ బజారు వైపు వెళ్లారు, నాన్నా నేనూ పట్టాల పక్కనే నడిచి ఇంటికొచ్చాం.

దీపాలు పెట్టే వేళైంది. అమ్మ ఇంకా పెరటి గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఓడిపోనారా?" అంది మెల్లగా.

"గెలిసినాం."

"మరి కూత ఇనబడ్నేదు?"

నాన్న నూతి దగ్గరికి వెళ్లి కాళ్లు కడుక్కున్నాడు. అమ్మకి అర్థమైంది. ఆవిడ ఏడవడం నేను చూసింది ఆ రోజే. నాన్న మళ్లీ మైదానంలో అడుగుపెట్టలేదు.

ఇప్పుడు ఆవిరి ఇంజన్లు లేవు, ఆ షెడ్డు లేదు, మైదానంలో మూడంతస్తుల క్వార్టర్లు లేచాయి. బెల్లం పంచడానికి వెళితే ఇప్పటివాళ్లు ఎందుకని హిందీలో అడుగుతారు. పోయిన చలికాలం ఒక పెళ్లిలో, ఆ రోజుల్లో షెడ్డులో ఇంజన్లు తుడిచిన ఒక ముసలాయన నన్ను గుర్తుపట్టి, తన మనవల్ని పిలిచి మరీ నాన్న కథ చెప్పాడు. "అచ్ఛా, ఇనండి. ఈయమ్మ అయ్య ఆ గోలు కొట్టినాడు సూడు, షెడ్డుల ఇంజన్లన్నీ ఒక్కపాలి కూసినాయి. అవతల టేసను ఉస్లాపూర్ దాకా ఇనబడింది" అన్నాడు. అబద్ధమాడుతున్నట్టు లేదు, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. చుట్టూ ఉన్న ముసలాళ్లు అవునవునని తలలూపారు. ఉస్లాపూర్ దాకా వినబడ్డ ఆ కూత, షెడ్డుకి నాలుగు లైన్ల ఇవతల గుమ్మం పట్టుకుని నిలబడ్డ మా అమ్మకి మాత్రం వినబడలేదు.