పండుగకు ముందు విరిచిన ఇప్పకొమ్మ

వృక్షశాస్త్రం చదివినవాణ్ణి కదా, పత్రాలంటే ఆకులే అనుకుంటూ యూనివర్సిటీ ఉద్యోగంలో చేరాను. అవి కాగితాలని చేరాక తెలిసింది. ఎనభైలలో పీజీ పిల్లలను నెల రోజుల ఫీల్డ్ ట్రైనింగ్‌కి భద్రాచలం దాటి అడవి ఊళ్లకు పంపే పనికి నన్ను ఇన్‌ఛార్జిని చేశారు. బస్సు చార్జీ కూడా నాదే.

ఆ ఏడు ఏన్కూరు నుంచి ఒకమ్మాయి వచ్చింది. వాళ్ల నాన్న కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు. అనుమతి పత్రం మీద సంతకం పెట్టే ముందు నన్ను పక్కకు పిలిచాడు.

"మాష్టారూ, అడవంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. మీ మొహం చూసి పంపుతున్నా. పరీక్ష తప్పిందంటే మాత్రం చదువు ఇక్కడితో సరి."

నా మొహాన్ని అంతగా నమ్మినవాడు అంతకుముందు లేడు. అద్దం కూడా.

ఆ అమ్మాయిని ఒక కోయ ఊళ్లో బడి టీచరు ఇంట్లో ఉంచాను. సేకరించాల్సిన మొక్కల జాబితా నేనే రాసిచ్చాను. మొదటి పేరు ఇప్ప, పూలతో సహా.

రెండో వారం బస్సు కండక్టరు చేత టీచరు చీటీ పంపాడు: వెంటనే రండి.

వెళ్లేసరికి ఊరి పెద్ద టీచరు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అతని ముందు వాడిపోయిన ఇప్పకొమ్మ. అమ్మాయి గుమ్మంలో నిలబడింది.

"ఇప్పపూల పండుగ కాలే సారూ. చెట్టుకు మొక్కందే మేమే ముట్టం. గీ పిల్ల ఏకంగా కొమ్మనే ఇరిచింది. ఎవరు కొయ్యమన్నరంటే నేనే అంటది."

జాబితా ఆమె చేతిలోనే ఉంది. నాలుగు మడతలు పెట్టి, పిడికిట్లో.

"తెలియక చేసింది పెద్దాయనా," అన్నాను.

"దానికి తెల్వదు, అవ్. నీకు తెల్వదా? పోయినేడు గిట్లనే కూసోబెట్టి చెప్పిన. పుస్తకంల రాసుకుంటివి గదా!"

రాసుకున్నాను. గుండ్రటి అక్షరాలతో, కింద ఎర్ర గీతతో. ఆచారాన్ని సమాచారంగా భద్రపరిచి, ట్రైనింగ్ తేదీలు మాత్రం యూనివర్సిటీ క్యాలెండరు చూసి వేశాను.

పెద్దాయన ఆమెను పొమ్మనలేదు. "ఉండనియ్. పండుగయ్యేదాంక పూలు, కొమ్మలు అన్నీ బంద్," అన్నాడు.

పండుగ ఎప్పుడని అడిగాను.

"పెద్దలు కూసుని దినం పెట్టిననాడు," అన్నాడు.

వాళ్లు కూర్చునేలోపు నెల నిండిపోయింది. వైవా రోజున ఆమె ఫైలు తెరిస్తే సగం పేజీలు ఖాళీ.

"ఏమ్మా, ఎండాకాలంలో ఇప్ప పూయలేదా?" అన్నాడు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు.

"ఈసారి పూత ఆలస్యమైంది సార్," అన్నాను నేను. నా తప్పు చెట్టు మీదికి తోశాను. చెట్టు నోరెత్తదు కదా.

"పూసింది సార్. మేం కొయ్యలేదు," అంది అమ్మాయి నెమ్మదిగా. నా వైపు చూడలేదు.

ఆయన నవ్వి మార్కులు వేశాడు. అవి పాసవడానికి చాలలేదు.

వాళ్ల నాన్న టీసీ కోసం వచ్చాడు. "అడవిలో మా పిల్ల చేసిన తప్పేంటి మాష్టారూ? అడిగితే చెప్పదు."

సంచిలోంచి నోటుబుక్కు తీసి ఎర్ర గీత ఉన్న ఆ పేజీ చూపించాను. నిలబడే చదివాడు. రెండుసార్లు చదివాడనుకుంటాను.

"ఇది ఎప్పుడు రాశారు?"

"కిందటేడు."

"ఆ ఎగ్జామినరుకు చూపించారా?"

లేదన్నాను.

"మరి నాకెందుకు చూపిస్తున్నారు?"

మళ్లీ ఏడాది పంపండి, ఈసారి తేదీలు పండుగయ్యాకే వేస్తాను అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. పుస్తకం మూసి నా చేతిలో పెట్టి, టీసీ దరఖాస్తు నింపడానికి పెన్ను అడిగాడు. జేబులో ఉన్నది ఆ ఎర్రసిరా పెన్నే. దాంతో దరఖాస్తు రాయకూడదు కాబట్టి, ఆఫీసులోకి వెళ్లి నీలంది అడిగి తెచ్చి ఇచ్చాను.