సత్తయ్య మందలో ప్రపంచ బ్యాంకు

సత్తయ్యకు ఒక్కటే జబ్బు. ఇద్దరి నడుమ మూడోవాడు ఎవడు కనిపించినా వాణ్ణి డాలర్ అంటాడు, పక్కకు తప్పించేదాకా ఊరుకోడు. ఆత్మకూరు దగ్గర గొర్రెలు కాసుకునే మనిషికి డాలర్‌తో వైరమేమిటని మీకు అనిపించవచ్చు. ఆయన భార్య జంగమ్మ ఏళ్ల తరబడి అదే అడుగుతోంది.

ఇదంతా మిర్యాలగూడలో అంటుకుంది. ఓ ఎండాకాలం కాలువ కింది కోతలైన వరి కొయ్యల్లో మేపడానికి మందను అటు తోలుకుపోయాడు. అక్కడ ఓ మిల్లు హమాలీ, ఈ బియ్యం బస్తాలు ఆఫ్రికాకు పోతాయనీ, సొమ్ము మాత్రం డాలర్లలో వస్తుందనీ చెప్పాడు. అంతే, సత్తయ్య బుర్రలో పురుగు దూరింది. "బియ్యం మనయి, ఆకలి వాళ్లది. నడుమ ఇంకో దేశపోని నోటుకు ఏం పని?" అన్నాడు ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా.

అప్పటినుంచి గొర్రెల వెంట నడుస్తూ ఫోనులో అవే వార్తలు. ఎదుగుతున్న దేశాలు బీద దేశాలకు చేయూతనివ్వాలట, ఎవరి రూకల్లో వాళ్లు బేరం చేసుకోవాలట. ప్రపంచ బ్యాంకులో ఎక్కువ సొమ్ము పెట్టినవాళ్లకే ఎక్కువ ఓట్లున్నాయట, అది మారాలట. వినీ వినీ గొర్రెలకు కూడా కంఠతా వచ్చే ఉంటుంది, కాకపోతే అవి బయటపడవు.

సూర్యాపేట సంతలో దళారిని "డాలర్ సాబ్" అని పిలిచి, అమ్మబోయిన పొట్టేలును మళ్లీ ఇంటికే తోలుకొచ్చాడు. కూతురు లతకు సంబంధం తెచ్చిన మధ్యవర్తిని వాకిట్లో కూర్చోబెట్టి, పెళ్లివారితో నేరుగా మాట్లాడాడు. రెండు వైపులవాళ్లూ వానల గురించీ, గొర్రెల రోగాల గురించీ ఎంత ప్రేమగా మాట్లాడుకున్నారంటే, పెళ్లికొడుకు పేరు అడగడం మరిచారు. జంగమ్మ వాకిట్లోకి వెళ్లి ఆ డాలర్‌నే అడిగి తెలుసుకుంది.

ఇదంతా నవ్వుకునే సంగతే. ఈ ఏడాది చేసిన పని మాత్రం ఇంటి మీదికి ముప్పు తెచ్చింది.

వేసవిలో చేనులో రాత్రిళ్లు మందను నిలిపితే, అక్కడ పడే పెంటికల ఎరువుకు నేల బలుస్తుంది. రైతు కాపరికి వడ్లు ఇస్తాడు. ఎవరు ఎక్కువ ఇస్తే వాళ్ల చేనుకే మొదటి వంతు. అంటే ఏటా సైదులుకే, ఊళ్లో అందరికంటే పెద్ద కమతం ఆయనదే. సత్తయ్య ఈసారి టీ కొట్టు దగ్గర నిలబడి, ఎక్కువ పెట్టినవాడికి ఎక్కువ ఓట్లనే పద్ధతి ఇక ఖతమని ప్రకటించాడు. చిన్న రైతుదే ముందు వంతు. వడ్లు లేనివాళ్లు తమ దగ్గర ఏది ఉంటే అది ఇవ్వచ్చు, ఎవరి నోటు వాళ్లది.

తండా వాళ్లు సరేనన్నారు. ఫకీరా సొరకాయలు పంపాడు. జంగమ్మ కూర చేసింది, పులుసు పెట్టింది, పచ్చడి నూరింది, చివరికి మేకకు వేస్తే అది మొహం తిప్పుకుంది. దస్రు తన దగ్గర ఏమీ లేదనీ, గడ్డం గీస్తాననీ అన్నాడు. గీశాడు, మీసంతో సహా. జమ్లీ అద్దాల కుట్టు బాగా తెలిసిన మనిషి. సత్తయ్య నల్ల గొంగడి అంచంతా అద్దాలు కుట్టి ఇచ్చింది. అది కప్పుకుని ఎండలో ఎదురొస్తే సొంత గొర్రెలే బెదిరి పారిపోయాయి.

అన్నిటికంటే ముందు వంతు జమ్లీ రెండెకరాలదేనని తెలిసి సైదులుకు కడుపు మండింది. తన వరి కొయ్యల్లో ఒక్క గొర్రె కూడా అడుగుపెట్టవద్దని కబురంపాడు. మంద ఎండాకాలమంతా బతికేది ఆ కొయ్యల మీదే. కోదాడ వైపు బయలుదేరదామంటే అప్పటికే వేరే మందలు అక్కడ నిండిపోయాయి. ఈనిన గొర్రెల పొదుగులు వాడిపోతుంటే జంగమ్మకు అన్నం సయించలేదు. ముందు సైదులు చేను కానియ్యమని బతిమాలింది. సంస్కరణను నడుమ ఆపకూడదన్నాడు మహానుభావుడు.

ఇక ఈయనతో కాదని, వంతు వదులుకొమ్మని అడగడానికి జంగమ్మే జమ్లీ ఇంటికి వెళ్లింది. నోరు తెరవకముందే జమ్లీ పీట వేసి, మంద వస్తున్నందుకు సంబరంగా మాట్లాడసాగింది. రెండేళ్లుగా ఆ చేను ఏమీ పండలేదు. ఈసారీ పోతే కౌలుకిచ్చి కోదాడకు కూలికి పోవాల్సిందే.

"నిరుడు సత్తన్న ఉత్తగనే మంద పెడ్తనంటే నేనే ఎల్లగొట్టిన అక్కా," అంది. "మా ఆయన పోయినంక అందరు ఉత్తగ ఇస్తమనేటోళ్లే. ఉత్తది తింటే నాకు దిగదు. గీసారి అందరికి ఒకటే పద్ధతన్నడు, నా కుట్టుకు సరిపోయిందన్నడు. గందుకే ఒప్పుకున్న."

జంగమ్మ వచ్చిన పని చెప్పకుండానే లేచింది. ఒక్క ఆడమనిషి తల దించుకోకుండా పిడికెడు ఎరువు తీసుకోవడానికి ఈ పిచ్చి మనిషి ఊరి పద్ధతినే తిరగేశాడు, ప్రపంచ బ్యాంకును సాక్ష్యానికి పిలిచాడు. దారంతా ఆమెకు నవ్వు ఆగలేదు. పెళ్లయిన ఇన్నేళ్లకు మొగుడి మీద మళ్లీ కొత్తగా ప్రేమ పుట్టింది.

ఇంటికొచ్చేసరికి సైదులు మంచం మీద కూర్చుని ఉన్నాడు. తన చేనులో నిలపడానికి వేరే మందల కోసం తుంగతుర్తి దాకా తిరిగాడట, అన్నీ కోదాడ వైపే పోయాయట. కొయ్యల్లో మేపుకొమ్మన్నాడు, కానీ ఒక్క మాట తేలాలన్నాడు. "అందరిని ఇడిసిపెట్టి జమ్లీకే ముందెందుకు సత్తన్నా? నిజం చెప్పు."

సత్తయ్య ఫోను తీసి అటూ ఇటూ తిప్పాడు. అబద్ధం ఆడటం ఆయనకు చేతకాదు. నిజం బయటికొస్తే తెల్లారేసరికి తండాకు తెలుస్తుంది, జమ్లీ మళ్లీ మందను వెళ్లగొడుతుంది. జంగమ్మ ముందుకొచ్చింది.

"నీకు ఎర్కలేదా సైదులన్నా? పెద్ద పెద్ద దేశాలే ఒప్పుకున్నయి. ఇగ అంతట బీదోళ్లదే ముందు వంతు. మనొక్క ఊరే ఎనుకవడితే నలుగురు నవ్వరా?"

లోకం కంటే వెనుకబడటం సైదులుకు సుతరామూ ఇష్టం లేదు. అయితే చిన్న రైతుల వంతులయ్యాక తనదేనని ఖాయం చేసుకుని వెళ్లిపోయాడు. మంద బతికింది, జమ్లీ చేనూ బతికింది.

సత్తయ్య మాత్రం ఫోను చేతిలో పట్టుకుని భార్య వైపే చూస్తున్నాడు. "పెద్ద దేశాలు ఎప్పుడు ఒప్పుకున్నయే? నేను ఇనలే."

"ఫోన్ల రాలే," అంది జంగమ్మ. "జమ్లీ ఇంట్ల ఇన్న."

సత్తయ్య కర్ర తీసుకుని, నవ్వు దాచుకోవడానికి మొహం అటు తిప్పుకుని, గొర్రెలను సైదులు కొయ్యల వైపు మళ్లించాడు.